‘అ’ దగ్గర ఆగిన మహాగ్రంథం: మునగాల దివాను నుంచి నేర్చుకున్న పాఠం



రక్తపోటు, మధుమేహం, మోకాళ్ళ నొప్పులు వంటి విషయాలపై నేను రాసే వ్యాసాలను మీరు ఆదరిస్తూ వస్తున్నారు. ఈసారి ఒక పుస్తకం చరిత్ర చెప్పదలచాను. ఆరోగ్యానికీ దీనికీ సంబంధమేమిటని మీకు సందేహం కలగవచ్చు. చివరిదాకా చదివితే ఆ సంబంధం మీకే తెలుస్తుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సర్కారు దవాఖానాలలో పనిచేసి పదవీ విరమణ పొందిన ఏడుగురు వైద్యులం కలిసి, సామాన్య కుటుంబాలకు ఉపకరించే ఆరోగ్య గ్రంథం ఒకటి తెలుగులో రాయాలని సంకల్పించాము. రోగాలను అకారాది క్రమంలో అమర్చాలని మొదటి సమావేశంలోనే నిర్ణయించుకున్నాము. అజీర్ణంతో మొదలై హృద్రోగాల మీదుగా క్షయతో ముగియాలి. నిఘంటువులాగా ఎవరికి ఏది కావాలంటే అది వెంటనే దొరుకుతుందని మా ఆలోచన. ఆరు నెలలు గడిచేసరికి అజీర్ణం, అతిసారం, అపస్మారం, ఆస్తమా అధ్యాయాలు చేతికి వచ్చాయి. గుండెపోటు, మధుమేహం రాయవలసిన మిత్రులు తమ అక్షరం ఇంకా రాలేదు కదా అని నిశ్చింతగా ఉన్నారు. అంతలో మిర్యాలగూడ మిత్రుడు, మాలో పిల్లల వైద్యుడు, హఠాత్తుగా కాలం చేశారు. ఆయన రాసిన అతిసారం అధ్యాయం మా వద్ద ఉన్నది. శిశు పోషణ అధ్యాయం ఆయన కాగితాలలో సగం వరకే ఉన్నది.

ఆ తరువాత ఒకనాడు కోదాడ నుంచి సూర్యాపేటకు వస్తూ మునగాల దగ్గర టీ తాగడానికి ఆగాను. ఆ ఊరి పేరు చూడగానే నూరేళ్ళ క్రితం ఇదే విధంగా మొదలై, ఇదే విధంగా ఆగిపోయిన ఒక పెద్ద ప్రయత్నం గుర్తుకు వచ్చింది. అదే కొమర్రాజు లక్ష్మణరావు గారి ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’.

మునగాల సంస్థానం, ఆ దివాను

ఈనాడు మునగాల, నడిగూడెం సూర్యాపేట జిల్లాలోని మండలాలు. ఆనాటి సంగతి వేరు. చుట్టూ నిజాము రాజ్యం ఉండగా, నడుమ మునగాల పరగణా మాత్రం బ్రిటిషు వారి మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందిన ద్వీపంలాగా ఉండేది. సంస్థానాధీశుడు రాజా నాయని వెంకట రంగారావు గారి నివాసం నడిగూడెం కోట. ఆయన కొలువులో దివానుగా పనిచేసినవారే లక్ష్మణరావు గారు.

లక్ష్మణరావు గారు 1877లో పెనుగంచిప్రోలులో జన్మించారు. చిన్ననాడే తండ్రి పోయారు. కొంతకాలం భువనగిరిలో చదివి, తరువాత అక్క భండారు అచ్చమాంబ గారి వద్ద నాగపూరులో పెరిగారు. మరాఠీ భాషలో ప్రవీణులై, ఆ భాషలో చరిత్ర పరిశోధన, శాస్త్ర గ్రంథాల రచన ఎట్లా సాగుతున్నాయో దగ్గరగా చూశారు. తెలుగులో అటువంటివి లేవన్న వేదన అక్కడే ఆయనలో నాటుకున్నదని చెప్పుకోవచ్చు.

ఆ అక్కగారిని గురించి ఒక వైద్యుడుగా రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. అచ్చమాంబ గారు తెలుగులో తొలి కథా రచయిత్రులలో ఒకరు. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అనే పేరుతో ఎందరో స్త్రీల జీవిత చరిత్రలను సేకరించి రాశారు. 1905లో ప్లేగు వ్యాధిగ్రస్తులకు సేవ చేస్తూ, ఆ వ్యాధికే బలయ్యారు. అప్పటికి ఆమె వయస్సు ముప్పై యేళ్ళు మాత్రమే. తమ్ముడు తన కుమార్తెకు ఆమె పేరే పెట్టుకున్నారు. ఆ కుమార్తె డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబగా వైద్యవృత్తి చేపట్టి, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

చిన్న పుస్తకాల పెద్ద పని

లక్ష్మణరావు గారు, మునగాల రాజా గారు, రావిచెట్టు రంగారావు గారు మొదలైనవారు కలిసి 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని స్థాపించారు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పారు. చరిత్ర, విజ్ఞాన శాస్త్రాలు, మహనీయుల జీవితాలు తెలుగు పాఠకునికి తెలుగులోనే, తక్కువ వెలకు అందించడం దాని ఆశయం.

ఆ మండలి పనితీరు గమనించదగినది. ఒక్కొక్క విషయాన్ని అది బాగా తెలిసిన ఒక్కొక్కరికి అప్పగించారు. మొదటి పుస్తకం ‘అబ్రహాము లింకను చరిత్ర’ 1907లో వెలువడింది. దానిని రాసినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు. చిలుకూరి వీరభద్రరావు గారి ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగం 1910లో వచ్చింది. ‘జీవశాస్త్రము’ రాసినవారు మద్రాసులో పాశ్చాత్య వైద్యం చదివి, తరువాత ఆయుర్వేదంలోనూ నిష్ణాతులైన డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు. పదార్థ విజ్ఞానం, రసాయన శాస్త్రం పైన కూడా పుస్తకాలు వెలువడ్డాయి.

1908లో మండలి మద్రాసుకు మారింది. అదే సంవత్సరం హరిసర్వోత్తమరావు గారు రాజద్రోహ నేరంపై కారాగారానికి వెళ్ళారు. 1910లో రావిచెట్టు రంగారావు గారు మరణించారు. అయినా పుస్తకాలు ఆగలేదు. ఎందుకంటే ఏ పుస్తకానికి ఆ పుస్తకం సంపూర్ణం. ఒకరు జైలుకు వెళ్ళినా మరొకరి పుస్తకం అచ్చవుతుంది. రసాయన శాస్త్రం ఆలస్యమైనంత మాత్రాన జీవశాస్త్రం చదివేవారికి వచ్చే నష్టం ఏమీ లేదు.

ఆ తరువాతి ప్రయత్నం అట్లా సాగలేదు.

విజ్ఞాన సర్వస్వం

ఇంగ్లండులో ‘ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా’ పదకొండవ కూర్పు 1910, 1911 సంవత్సరాలలో 29 సంపుటాలుగా వెలువడింది. సుమారు 1,500 మంది పండితులు దానిలో పాలుపంచుకున్నారు. తెలుగువారికీ అటువంటి గ్రంథం ఉండాలని లక్ష్మణరావు గారు ఆశించారు. 1912, 1913 ప్రాంతంలో మద్రాసులో పని ప్రారంభమయింది. ప్రధాన సంపాదకులు ఆయనే. అనేక వ్యాసాలు స్వయంగా రాశారు. హరిసర్వోత్తమరావు గారు, లక్ష్మీపతి గారు, రాయప్రోలు సుబ్బారావు గారు, అప్పటికి యువకులైన మల్లంపల్లి సోమశేఖర శర్మ గారు ఆయనకు తోడుగా నిలిచారు.

బ్రిటానికా వెనుక పెద్ద ప్రచురణ సంస్థలు, విశ్వవిద్యాలయాలు, గ్రంథం కొనగలిగిన లక్షలాది పాఠకులు ఉన్నారు. మద్రాసులోని ఈ కొద్దిమంది వెనుక ఒక సంస్థానాధీశుని ఆదరం, మరికొందరి దాతృత్వం, చందాదారుల ఆసక్తి మాత్రమే ఉన్నాయి. పైగా తెలుగులో శాస్త్ర పరిభాష సిద్ధంగా లేదు. వ్యాసం రాయడానికి ముందు అందులో వాడవలసిన మాటలనే తయారు చేసుకోవలసి వచ్చేది.

మూడు సంపుటాలు వెలువడ్డాయి. మూడూ ‘అ’కారంలోనివే. పని ఆపైన ముందుకు సాగలేదు. 1923 జులై 12న లక్ష్మణరావు గారు మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 46 సంవత్సరాలు.

ఆ మూడు సంపుటాల విలువ గురించి చరిత్రకారులు ఎంతో గౌరవంగా రాశారు. ఆ గౌరవంలో నాకూ భాగం ఉన్నది. అయినా వైద్యుడుగా నా మనస్సును కలచివేసే ఒక సంగతి చెబుతాను. 1918లో ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి మన దేశంలో కోటికి పైగా ప్రాణాలను బలిగొన్నది. తెలుగు విజ్ఞాన సర్వస్వం ఏనాడూ ‘ఇ’ అక్షరానికి చేరలేదు. కలరా ‘క’లో ఉన్నది, ప్లేగు ‘ప’లో ఉన్నది, మలేరియా, మశూచి ‘మ’లో ఉన్నాయి. ఆనాడు మన ఊళ్ళను ఖాళీ చేసిన వ్యాధులలో ఎక్కువ భాగం ఆ గ్రంథం ఎన్నడూ చేరని అక్షరాలలోనే ఉండిపోయాయి. అక్కను ప్లేగు బలిగొన్న మనిషి తలపెట్టిన గ్రంథంలో ప్లేగు వంతు రానేలేదు.

ఇది ఆయన దోషమని నేను అనను. అంత పని నెత్తిన వేసుకున్నవారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేను అంటున్నది గ్రంథ నిర్మాణం గురించి. అకారాది క్రమంలో రాసే గ్రంథం పూర్తయితే గొప్ప సౌకర్యం. నడుమ ఆగితే మాత్రం ఏ అక్షరం దగ్గర ఆగుతుందో అంతవరకే మిగులుతుంది. అవసరమైనది ముందు, కానిది తరువాత అనే వివేచన వర్ణమాలకు లేదు.

ఫ్రాన్సు దేశపు వైద్యుని కథ

పలువురు కలిసి రాసిన గ్రంథాలలో ప్రపంచ ప్రసిద్ధమైనది ఫ్రాన్సు దేశపు ‘ఆన్‌సిక్లోపెదీ’. దిదెరో, దాలంబేర్ దానికి సంపాదకులు. 1751 నుంచి 1772 వరకు 17 వ్యాస సంపుటాలు, 11 చిత్ర సంపుటాలు వెలువడ్డాయి. అది కూడా అకారాది గ్రంథమే. 1759లో ప్రభుత్వం అనుమతిని రద్దు చేసింది. దాలంబేర్ తప్పుకున్నారు. అయినా అది పూర్తయింది. ఎట్లా?

దానికి ఒక ముఖ్య కారణం లూయీ ద జోకూర్ అనే వైద్య విద్యావంతుడు. లైడెన్ నగరంలో ప్రఖ్యాత వైద్యాచార్యుడు బూర్‌హావె వద్ద ఆయన చదువుకున్నారు. యౌవనంలో ఏళ్ళ తరబడి శ్రమించి ఆరు సంపుటాల వైద్య నిఘంటువు రాసి, అచ్చుకోసం ఓడలో పంపించారు. ఆ ఓడ మునిగిపోయింది. మరో ప్రతి లేదు. మనలో ఎవరికైనా అటువంటి దెబ్బ తగిలితే మళ్ళీ కలం పట్టుకుంటామా? ఆయన పట్టుకున్నారు. ఇతరులు ఒక్కొక్కరే తప్పుకున్న ఆ గ్రంథానికి సుమారు 17,000 వ్యాసాలు రాసి ఇచ్చారు. అది మొత్తం గ్రంథంలో దాదాపు నాలుగవ వంతు. తనకు సహాయపడే లేఖకులకు జీతాలివ్వడానికి సొంత ఇల్లు అమ్ముకున్నారు.

అదే గ్రంథం చరిత్రలో మరొక ఘట్టం కూడా ఉన్నది. ప్రభుత్వానికి భయపడిన ముద్రాపకుడు లె బ్రెతోన్, చివరి సంపుటాలలో తనకు ప్రమాదకరంగా తోచిన భాగాలను రహస్యంగా కత్తిరించి అచ్చు వేశాడు. 1764లో దిదెరో ఈ సంగతి కనుగొన్నారు. అప్పటికే అచ్చు చాలావరకు పూర్తయింది. మూల ప్రతులు మిగలలేదు. రచయితకు తెలియకుండా అతని వాక్యాన్ని మార్చకూడదన్న నియమం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

మన వారి తదుపరి అడుగులు

లక్ష్మణరావు గారి కృషి వృథా పోలేదు. 1930లలో కాశీనాథుని నాగేశ్వరరావు గారు విజ్ఞాన సర్వస్వాన్ని మళ్ళీ చేపట్టారు. ఆయన 1893లో బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం వ్యాపారం మీరెరిగినదే. తలనొప్పి మందు తెచ్చిన ధనం తెలుగు పత్రికలకూ గ్రంథాలకూ ప్రాణం పోసిందన్నమాట. అయితే 1938లో ఆయన కూడా గతించారు. గ్రంథం మళ్ళీ నిలిచింది.

1947లో మద్రాసులో ఏర్పడిన తెలుగు భాషా సమితి ఈ పనిని మరొక విధంగా చేపట్టింది. అక్షర క్రమాన్ని పక్కన పెట్టి, విషయాల వారీగా సంపుటాలు ప్రకటించింది. చరిత్రకు ఒకటి, భౌతిక రసాయన శాస్త్రాలకు ఒకటి, ఈ విధంగా దేనికది సంపూర్ణం. ఆ సంపుటాల సంపాదకులలో మల్లంపల్లి సోమశేఖర శర్మ గారు ఒకరు. మొదటి ప్రయత్నంలో లక్ష్మణరావు గారి చేతికింద పనిచేసిన యువకుడే వృద్ధాప్యంలో రెండవ ప్రయత్నానికి సంపాదకుడు కావడం నాకెంతో సంతోషం కలిగించే విషయం. గ్రంథం ఆగిపోయినా, దానిని రాస్తూ పని నేర్చుకున్నవారు మిగిలారు.

హైదరాబాదులో ఖండవల్లి లక్ష్మీరంజనం గారి ఆధ్వర్యంలో ‘సంగ్రహ ఆంధ్ర విజ్ఞాన కోశము’ ఎనిమిది సంపుటాలుగా వెలువడింది. అది అకారాది గ్రంథమే. కాని పేరులోనే ‘సంగ్రహ’ అని హద్దు పెట్టుకున్నది. అంతకు పూర్వం 1934లో సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవులను ఒక్కచోట చేర్చి ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. అది కవితా సంకలనమే అయినా పలువురి గ్రంథానికి మంచి ఉదాహరణ. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సమాధానం చెప్పడమే దాని ప్రయోజనం. ప్రయోజనం స్పష్టం, హద్దు స్పష్టం. కనుక పని పూర్తయింది.

మా పుస్తకం సంగతి

ఈ చరిత్ర అంతా నెమరువేసుకొని, మిగిలిన ఆరుగురం సూర్యాపేటలో మా ఇంట్లో సమావేశమయ్యాము. అందరమూ డెబ్బై దాటినవాళ్ళమే. క్షయ వరకూ చేరేదాకా మాలో ఎందరం ఉంటామన్న ప్రశ్న ఎవరూ పైకి అనలేదు. కాని అందరి మనస్సులోనూ ఉన్నది. అకారాది క్రమాన్ని విడిచిపెట్టాము. ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క చిన్న పుస్తకం వేయాలని నిశ్చయించాము. ముందు వెలువడేది కాలం చేసిన మిత్రుని అతిసారం పుస్తకమే.

ఆ పుస్తకాన్ని పరిష్కరిస్తుండగా ఒక చిక్కు ఎదురయింది. మిత్రుడు తన అధ్యాయంలో ‘ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు పొడిని గ్లాసు నీటిలో కలపవలెను’ అని రాశారు. వేసవి జాగ్రత్తల గురించి కోదాడ మిత్రుడు రాసిన అధ్యాయంలో ‘లీటరు నీటిలో కలపవలెను’ అని ఉన్నది. ఇద్దరూ అనుభవజ్ఞులే. విచారిస్తే ఇద్దరూ చెప్పినది సరైనదే. బజారులో రెండు పరిమాణాల ప్యాకెట్లు దొరుకుతాయి. సుమారు 20 గ్రాముల పెద్ద ప్యాకెట్టు లీటరు నీటికి, నాలుగు గ్రాముల పైచిలుకు చిన్న ప్యాకెట్టు 200 మిల్లీలీటర్ల నీటికి. మిత్రుడు చిన్నదానిని, మరొకరు పెద్దదానిని మనస్సులో ఉంచుకొని రాశారు. ఆ రెండు వాక్యాలు ఏ మార్పూ లేకుండా అచ్చయి, ఒక తల్లి పెద్ద ప్యాకెట్టును గ్లాసు నీటిలో కలిపి పసిబిడ్డకు పట్టిందనుకోండి. రక్తంలో ఉప్పు శాతం పెరిగి బిడ్డ ప్రాణానికే ముప్పు వస్తుంది. ఇద్దరు సరైన వైద్యులు రాసిన రెండు సరైన వాక్యాలు కలిసి ఒక ప్రాణాపాయకరమైన పుస్తకం అయివుండేది. పలువురు రాసే గ్రంథానికి సంపాదకుడు ఎందుకు కావాలో నాకు ఆనాడు బోధపడింది.

కోదాడ మిత్రుడు ఫోను చేయగానే తన వాక్యాన్ని సవరించి ఇచ్చారు. కాలం చేసిన మిత్రునికి ఎట్లా ఫోను చేయగలను? ఆయన కాగితాన్ని ఎదురుగా పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. నలభై ఏళ్ళ స్నేహం మాది. ఆయన చేతివ్రాత మీద నా కలం పెట్టడానికి మనస్సు ఒప్పలేదు. అట్లాగని ఆ వాక్యాన్ని యథాతథంగా వదలడానికి వైద్య ధర్మం ఒప్పుకోదు. చివరకు వారి శ్రీమతి గారికి చూపించి, అనుమతి తీసుకొని, ప్యాకెట్టు పరిమాణం గురించిన రెండు వాక్యాలు చేర్చాను. పుస్తకం చివర ‘ఈ రెండు వాక్యాలు సంపాదకుడు చేర్చినవి’ అని స్పష్టంగా అచ్చు వేస్తున్నాము. ఆయన సొంత వాక్యాలు ఆయనవిగానే ఉన్నాయి. సగంలో ఉన్న శిశు పోషణ అధ్యాయాన్ని మాలో మరొకరు పూర్తి చేస్తారు. ఎక్కడివరకు ఎవరు రాసినదో అక్కడే తెలియజేస్తాము.

మిగతా నియమాలు కూడా చెబుతాను. మీలో ఎవరైనా మిత్రులతో కలిసి ఊరి చరిత్రో, వృత్తి చరిత్రో, ఆరోగ్య విషయాలో రాయదలిస్తే ఉపయోగపడవచ్చు.

ఎవరు ఏ భాగం రాయాలో, ఎప్పటిలోగా ఇవ్వాలో మొదటే కాగితం మీద రాసుకోవాలి. ప్రతి భాగమూ విడిగా అచ్చయినా అర్థమయ్యేటట్టు ఉండాలి. ఎక్కువమందికి అవసరమైనది ముందు వేయాలి. ఒకరు రాసినదాన్ని అదే విషయం తెలిసిన మరొకరు తప్పక చదవాలి. ఆపైన ఆ విషయం ఏమాత్రం తెలియని ఒకరి చేత చదివించాలి. మా అతిసారం పుస్తకాన్ని మా వీధిలోని ఆశా కార్యకర్త చదివి, ‘నిర్జలీకరణం’ అనే మాట దగ్గర ఆగి, ‘ఇదేంది సార్?’ అని అడిగింది. ‘ఒంట్లో నీరు తగ్గిపోవడం’ అని మార్చాము. ఎవరి పేరు ఎక్కడ రావాలో, డబ్బు ఎవరు పెడతారో, మిగిలితే ఏం చేస్తారో కూడా ముందే మాట్లాడుకోవాలి. ప్రతి కాగితానికీ మరొక ప్రతి మరొకరి ఇంట్లో ఉండాలి. జోకూర్ గారి ఓడను మరచిపోవద్దు.

ఇక ఆరోగ్య విషయం. వేసవిలో గానీ వానాకాలంలో గానీ పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మీద ఎంత నీటిలో కలపాలని రాసి ఉన్నదో తప్పక చదవండి. చదవడం రానివారికి చదివి చెప్పండి. తల్లిపాలు ఆపవద్దు. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, కళ్ళు లోతుకు పోయినా, మలంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా దవాఖానాకు తీసుకువెళ్ళండి. మా మిత్రుడు తన పుస్తకంలో చెప్పదలచినదంతా క్లుప్తంగా ఇదే.

మునగాల మీదుగా వెళ్ళేటప్పుడు వీలైతే ఒకసారి నడిగూడెం వైపు తిరగండి. తెలుగులో విజ్ఞానం ఉండాలని కలగన్న ఒక రాజూ, ఒక దివానూ తిరిగిన నేల అది.

శుభం. ఆరోగ్యమస్తు.